మార్సెలా పెట్టని సంతకం

చెత్తతొట్టి మధ్యాహ్నానికే నిండిపోయింది. అమ్ముడుపోని పెట్టెల్ని ఒఫీలియా కాలితో తొక్కి, అణిచి మరీ లోపలికి కుక్కుతోంది. ఒక్కో పెట్టెలో రెండు ఫ్లాపీలు, ఒక లావుపాటి పుస్తకం. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళకు తప్పెక్కడుందో చూపించే పనిముట్టు అది. వెల తొంభై తొమ్మిది డాలర్లు. కిందటేడు శాన్‌హోసేలోని పెద్ద కంపెనీ అలాంటిదే చేసి ఊరికే పంచిపెట్టింది. ఎనిమిది నెలల్లో శాంటాక్రూజ్ కొండల్లోని ఈ చిన్న కంపెనీ మూతపడింది. పడ్డాక, ఆ పెద్ద కంపెనీయే దీన్ని కొనేసింది.

ఆ పనిముట్టును మొదటినుంచీ రాసింది మార్సెలా. కొన్నవాళ్ళ తరఫున ఈరోజు వచ్చినవాడు వారెన్. నాలుగేళ్ళు ఆమె పక్కనే కూర్చుని పని నేర్చుకుని, ఆమె రాసిందంతా చంకన పెట్టుకుని ఆ పెద్ద కంపెనీకి చెక్కేసిన మనిషి.

"బాగున్నావా మార్సీ?" అన్నాడు కుర్చీ లాక్కుంటూ.

"వచ్చిన పని చెప్పు."

"మూడు వారాలు మావాళ్ళకి నీ కోడ్ వివరంగా చెప్పు. నాలుగు నెలల జీతం ఇస్తాం. రెండేళ్ళు ఇలాంటిది ఇంకెక్కడా చెయ్యనని సంతకం పెట్టు, అంతే."

"ఎత్తుకుపోయావుగా. ఇంకా అర్థం కాలేదా?"

అతని మొహం ఎర్రబడింది. "పాతవి తవ్వకు."

"ఒఫీలియాకి ఎంతిస్తున్నారు?"

"ఎవరావిడ?"

"ఇక్కడ పెట్టెలు అంటించే మనిషి. నీకు కూతురు పుడితే మొక్కజొన్న పిండితో తమాలీలు వండి తెచ్చింది. ఆ గిన్నె కూడా తిరిగివ్వలేదు నువ్వు."

"గంటల లెక్కన చేసేవాళ్ళు ఒప్పందంలో లేరు," అన్నాడు కిటికీ వైపు చూస్తూ.

అతను కలంతో సహా ముందుకు తోసిన ఒప్పందం కాగితాన్ని మార్సెలా చివరిదాకా చదివింది. ఇంటద్దె గుర్తొచ్చింది. నాలుగు నెలల జీతం చిన్న మాట కాదు. కలానికి మూతపెట్టి అతని జేబులోనే దోపింది.

"వాట్సన్‌విల్‌లో ముగ్గురు ఇలాంటిదే మొదలెట్టారు. రమ్మని వారం నుంచీ అడుగుతున్నారు. సగం జీతం. ఇప్పటిదాకా ఎటూ తేల్చుకోలేదు, నిన్ను చూశాక తేలింది. మీ దాంట్లో ఏది ఎక్కడ మొరాయిస్తుందో నాకు తెలుసు వారెన్, రాసింది నేనే. ఊరికే ఇచ్చినా మీది ఎవడూ ముట్టుకోకుండా చేస్తాను."

"కోర్టుకి ఈడుస్తాం."

"ఈడ్చండి. ఎవరిది ఎవరు రాశారో అక్కడే తేలుతుంది."

బయటికి వచ్చి ఒఫీలియాకు అంతా చెప్పింది. ఆమె ఆఖరి పెట్టెను తొట్టిలోకి తోసింది.

"నాలుగు నెలల జీతం వదులుకున్నావా? నీకు బుర్ర లేదే," అంది. చేతితొడుగులు విప్పి తొట్టిలో పడేసింది. "సోమవారం వాట్సన్‌విల్‌కి ఎన్నింటికి రావాలి?"

అక్కడ ఆమెకు పని ఉందో లేదో మార్సెలాకు తెలియదు. కారు తలుపు మాత్రం తీసి పట్టుకుంది.