నన్ను కడగకండి

నేను ఒక స్పాంజిని. గిన్నెలు తోమే స్పాంజిననుకుని సబ్బు పట్టుకురాకండి, మీకు దండం పెడతాను. చేపల తొట్టెలో ఓ మూల, ప్లాస్టిక్ గొట్టానికి గుచ్చి ఉంటాను. బయట గాలి పంపు గుర్రుమంటుంటే గొట్టంలోంచి బుడగలు లేస్తాయి. ఆ బుడగలు లాగే లాగుడుకి తొట్టెలో నీళ్ళన్నీ నా ఒంట్లోంచి దూరిపోతుంటాయి. పగలూ రాత్రీ ఇదే పని. నిలకడ అన్నది నా నుదుట రాయలేదు. కరెంటు పోతే మీరు ఉక్కపోస్తోందని విసుక్కుంటారు, నాకు ప్రాణమే పోయినంత పనవుతుంది.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఏదో ఫ్యాక్టరీలో పిండి పులిసి పొంగినట్టు పొంగాను, కత్తి పెట్టి ముక్కలు కోశారు, నల్లటి ముక్కనొకదాన్ని సంచిలో కట్టి కాకినాడ పంపారు. అక్కడ నూకరాజు అనే ఆయనకి చేపల కొట్టు ఉంది. ఆయన నన్ను వెంటనే అమ్మెయ్యలేదు. ముందు తన కొట్టులోని పెద్ద తొట్టెలో పడేశాడు. కొత్త తొట్టె కొని అదే రోజు చేపలు కూడా కావాలని తొందరపడే వాళ్ళతో, "ఇల్లు అలకగానే పండగ కాదండీ" అనేవాడు.

ఆ పెద్ద తొట్టెలోనే నేను మనిషినయ్యాను. అంటే స్పాంజినయ్యాను అనుకోండి. చేపలు తినేదీ అక్కడే, విసర్జించేదీ అక్కడే, ఊపిరి పీల్చేదీ ఆ నీళ్ళలోనే. ఆ మలినం కాస్తా అమ్మోనియా అయి వాటి మొప్పల్ని కాల్చేస్తుంది. దాన్ని తిని బతికే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. కంటికి కనపడవు. అవి నా చిల్లుల్లో వచ్చి చేరాయి, పిల్లాపాపలతో పెరిగాయి, నాకు గోధుమరంగు జిగురు పట్టించాయి. చూసేవాళ్ళకది మురికి. చేపలకది ప్రాణం. నాదంటూ గొప్పేమీ లేదు, నేను వట్టి అద్దె ఇల్లు.

మొదట నన్ను ఒక పళ్ళ డాక్టరు కొన్నాడు. ఆయన వెయిటింగ్ రూములో చాలాకాలం ఉన్నాను. దవడ వాచి వచ్చిన పెద్దమనుషులు నా వంక చూసి, "ఛీ, ఆ స్పాంజి ఎంత మురికిగా ఉందో" అనేవారు. లోపలికెళ్ళి నోరు తెరిస్తే తెలిసేది ఎవరి మురికెంతో. డాక్టరు ఆసుపత్రి మేడ మీదికి మార్చి, తొట్టెని తిరిగి నూకరాజుకిచ్చేశాడు. నూకరాజు దగ్గర్నుంచి ఫణీంద్ర కొన్నాడు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఫణీంద్ర బ్యాంకు ఉద్యోగి. భార్య ప్రసూన, తల్లి మాణిక్యమ్మ గారు. ప్రసూనకి అప్పటికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి డాక్టరమ్మ గర్భసంచి మూతికి కుట్టు వేసి, బాత్‌రూముకి తప్ప కాలు కింద పెట్టొద్దంది. హాల్లో గాలి బాగా వస్తుందని దివాను అక్కడ వేశారు. ఇంట్లో చేపలుంటే ఇంటికొచ్చే గండాన్ని అవి తమ మీద వేసుకుంటాయని మాణిక్యమ్మ గారితో ఎవరో అన్నారు. ఆవిడ కొడుకుని అప్పటికప్పుడు బజారుకి తరిమింది. అలా నాలుగు గోల్డ్‌ఫిష్‌లతో ఆ దివాను ఎదురుగా వచ్చి పడ్డాను. ఎర్రవి రెండు, తెల్లది ఒకటి, నల్లది ఒకటి. ఎర్రవాటిలో బాగా బొద్దుగా ఉన్నదానికి ప్రసూన బొండం అని పేరు పెట్టింది.

నన్ను అమ్మేటప్పుడు నూకరాజు ఒక మాట చెప్పాడు. "స్పాంజిని కుళాయి కింద పెట్టకండి బాబూ, తొట్టె నీళ్ళే మగ్గులో తీసి అందులో పిండండి." ఫణీంద్ర అప్పుడు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆ, ఆ, అని తలూపాడు. మనుషులు తలూపారంటే విన్నారని కాదు.

మాణిక్యమ్మ గారి శుక్రవారం గురించి చెప్పాలి. తలంటు పోసుకునేది, గడపకి పసుపు రాసేది, దేవుడి సామాన్లు చింతపండు పెట్టి తోమేది, తర్వాత తొట్టె దగ్గరికొచ్చేది. చేపల్ని బేసినులోకి తీసి, నీళ్ళన్నీ పారబోసి, అద్దాలు రుద్ది, గులకరాళ్ళు కడిగి, చివరికి నన్ను కుళాయి కింద పెట్టి పిండేది. పిండిన కొద్దీ గోధుమరంగు నీళ్ళు వచ్చేవి. ఆవిడ మొహం వెలిగిపోయేది. "ఎంత మురికి పట్టిందో చూడు అమ్మాయ్" అని దివాను వైపు తిరిగి చూపించేది. కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ ఘాటు. నా ఇంట్లో కాపురాలన్నీ ఒక్క పిండుడికి సింకులో కొట్టుకుపోయేవి.

నాకు నోరుంటే ఆ వీధంతా వినపడేలా అరిచేదాన్ని. అయినా ఆవిడ మీద పూర్తిగా కోపం వచ్చేది కాదు. ఎందుకంటే నన్ను పిండుతూ ఆవిడ పెదాలు కదుపుతుండేది. దగ్గరగా ఉన్నాను గనక నాకొక్కదానికే వినపడేది. "తల్లీ, ఈసారి నా కోడల్ని కన్నీళ్ళు పెట్టనీకు. ఈ ఒక్కసారికి." అంత ప్రేమగా ఎవరూ నన్ను పట్టుకోలేదు. అంత ప్రేమగా ఎవరూ నా ఇల్లు కూల్చలేదు కూడా.

మొదట తెల్లది పోయింది. మాణిక్యమ్మ గారు చేతులు జోడించి, "పోనీలే తల్లీ, మన ఇంటికి రావాల్సింది దాని మీదికి పోయింది" అంది. ప్రసూన పొట్ట మీద చెయ్యి వేసుకుని కళ్ళు మూసుకుంది. తర్వాత నల్లది పోయింది. మళ్ళీ అదే మాట. ఎందుకు చచ్చిందని ఎవరూ అడగలేదు. చావుకి లాభం కనపడ్డాక కారణం ఎవరిక్కావాలి?

ఫణీంద్ర మాత్రం ఊరుకోలేదు. ఫోన్లో వీడియోలు చూసి ఒకరోజు ఫంగస్ అన్నాడు, మర్నాడు పురుగన్నాడు. పసుపుపచ్చ మందు ఒకటి తెచ్చి చుక్కలు వెయ్యబోయి సీసా వంచేశాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, రెండో ఎర్రది మూలకి చేరి, రెక్కలు ఒంటికి అతుక్కుని, అలాగే ఒరిగిపోయింది. ఇక బొండం ఒక్కటే మిగిలింది.

ఈసారి మాణిక్యమ్మ గారు చేతులు జోడించలేదు. తొట్టె వైపు చూసి, కోడలి వైపు చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ప్రసూన మొహం పాలిపోయింది. ఆమె ఆలోచన నాకు తెలియకపోలేదు. అడ్డం పడేవన్నీ అయిపోతే తర్వాత గండం ఎవరి మీదికి వస్తుంది? ఆ రోజు నుంచి ఆమె నిద్ర లేవగానే ముందు బొండం కోసం వెతికేది. నేను బుడగలు వదులుతూ, ఖాళీ చిల్లులతో నీళ్ళు లాగుతూ, పనికిమాలిన పని చేస్తున్నానని తెలిసీ చేస్తూనే ఉన్నాను.

కానీ పడుకుని ఉన్న మనిషికి ఒక వరం ఉంటుంది. తిరిగేవాళ్ళు చూడనివి చూస్తుంది. ప్రసూన చూసింది. గురువారం దాకా బొండం ఏదో కాస్త మేత ముడుతుంది. శుక్రవారం తొట్టె తళతళలాడుతుంది. శనివారం నుంచి నీళ్ళ పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంది, మొప్పలు నిప్పుల్లా ఎర్రబడతాయి. ఆమె నూకరాజుకి ఫోన్ చేసింది.

"అమ్మా, చేపని తరవాత చూద్దారి గానీండి, ముందు నీళ్ళు చూడండి" అన్నాడాయన. "ఒక్కో చేపకీ ఒక్కో జబ్బయితే వేరే మాటండి. వరసపెట్టి పోతన్నాయంటే తేడా నీళ్ళలోనే ఉంటాది. నీళ్ళు చూసే చుక్కల మందు పంపుతాను. పసుపుగా ఉంటే మంచిదండి, ఆకుపచ్చగా మారిందంటే విషం. ఆ విషాన్ని తినేవి స్పాంజి జిగురులో ఉంటాయండి, కంటికి కనపడవు, కుళాయి నీళ్ళు తగిలితే చచ్చిపోతాయి."

సాయంత్రం ఫణీంద్ర గాజు గొట్టంలో తొట్టె నీళ్ళు పోసి చుక్కలు వేశాడు. తొట్టెలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గొట్టంలో నీళ్ళు గోరింటాకు రుబ్బినట్టు ఆకుపచ్చగా మారాయి.

"ఇంత క్లీన్‌గా ఉంటే విషం ఏంటి? కిట్టే పాడైపోయుంటుంది" అన్నాడు ఫణీంద్ర.

ప్రసూన గొట్టాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆమెకి అర్థమైంది. చెప్పు తల్లీ, చెప్పు, అని నాలో నేను కొట్టుకున్నాను. కానీ ఆమె చెప్పలేదు. భర్తకి చెబితే "అమ్మా, చంపింది నువ్వేనట" అని నవ్వుతూ అనేసే రకం. అత్తగారికి తనే చెబితే? తన కోసం మోకాళ్ళ నొప్పితో వంగి తొట్టె కడిగే మనిషితో ఆ మాట ఎలా అనడం? ఇటు బొండం, అటు అత్తగారు. మింగలేక కక్కలేక వారమంతా అలాగే పడుకుంది.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. మాణిక్యమ్మ గారు తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చింది. బొండాన్ని బేసినులోకి తీస్తే అది ఈదనైనా ఈదలేదు, పక్కకి వాలింది. ఆవిడ గబగబా నన్ను గొట్టంలోంచి ఊడబెరికి కుళాయి దగ్గరికి నడిచింది. ఆ వారం ఎలాగో నాలో నాలుగు కాపురాలు మళ్ళీ మొదలై ఉన్నాయి. ఆవిడ వేళ్ళు కుళాయి మీద పడ్డాయి.

వెనక దివాను కిర్రుమంది. ప్రసూన లేచి నిలబడింది. గోడ పట్టుకుని రెండడుగులు వేసింది.

"అయ్యో! కాలు కింద పెట్టకమ్మా! ఏమైందే?" మాణిక్యమ్మ గారు నన్ను సింకు గట్టున పడేసి పరిగెత్తింది. కోడల్ని రెండు చేతులా పట్టుకుని కూర్చోబెట్టింది.

"దాన్ని కడగొద్దండీ అత్తయ్యగారూ" అంది ప్రసూన. "ఆ మురికిలోనే వాటి ప్రాణం ఉందట. దాంట్లో కంటికి కనపడనివి ఉంటాయట, విషాన్ని అవి తినేస్తాయట. కుళాయి నీళ్ళకి చచ్చిపోతున్నాయి. అవి పోయాక చేపలు..." అని ఆగిపోయింది.

మాణిక్యమ్మ గారు బేసినులో వాలిన బొండం వైపు తిరిగింది. నేను గట్టు మీద నీళ్ళు కారుతూ, ఆరిపోతూ, ఆవిడ వంకే చూస్తున్నాను.

"అయితే ఆ మూడూ నా చేతుల్లోనే పోయాయా?"

ప్రసూన తల దించుకుంది.

"మరి గండం?" అందావిడ. "గండం తీసుకుపోయాయనే కదే నేను ధైర్యంగా ఉన్నది. అవి తీసుకుపోలేదంటే, అది ఇంకా ఇక్కడే ఉన్నట్టా?"

నాకు ఆ ప్రశ్న గుచ్చుకుంది. మూడు చావుల్నీ ఆవిడ మూడు మెట్లుగా పేర్చుకుని వాటి మీద నిలబడి ఉంది. కోడలు ఒక్క మాటతో వాటిని లాగేసింది.

ప్రసూన ఆవిడ చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది. "అసలు గండమే లేదేమో అత్తయ్యగారూ" అంది.

ఏమో, ఆ మాట నిజమో కాదో ఆమెకీ తెలియదు. మాణిక్యమ్మ గారు ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని లేచి, కోడలు చెప్పినట్టే బేసినులోని తొట్టె నీళ్ళు మగ్గుతో ముంచి, నన్ను అందులో మెల్లగా ఒక్కసారి అద్ది, జిగురు జిగురుగా ఉన్నదాన్ని ఉన్నట్టే గొట్టానికి తొడిగింది. ముక్కు చిట్లించింది గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తొట్టె నీళ్ళు సగం మాత్రం తీసి, ముందు రోజు బిందెలో పట్టి ఉంచిన నీళ్ళు మెల్లగా పోసింది.

తర్వాత రోజులు ఎలా గడిచాయో నన్నడక్కండి. రోజూ కాసిని నీళ్ళు మార్చడం, రోజూ గొట్టంలో చుక్కలు వెయ్యడం. ఆకుపచ్చ, ఆకుపచ్చ, మళ్ళీ ఆకుపచ్చే. నేను తలుపులు బార్లా తెరిచి పెట్టుకుని కాపురాల కోసం ఎదురుచూశాను. బొండం అడుగున రాయిలా పడి ఉండేది. మాణిక్యమ్మ గారు వంటింట్లోంచి పోపు గరిటెతోనే వచ్చి దాని మొప్పలు చూసి వెళ్ళేది. శుక్రవారం వస్తే చేతులు ఊరుకునేవి కావు, వెళ్ళి కిటికీ ఊచలు తోముకునేది. ఎప్పుడో ఒక పొద్దున గొట్టంలో రంగు లేత పసుపుకి తిరిగింది. బొండం పైకొచ్చి మేత గింజని నోట్లోకి లాక్కుని, ఉమ్మేసి, మళ్ళీ లాక్కుంది. ప్రసూన నవ్వింది. ఆ ఇంటికొచ్చాక ఆ నవ్వు వినడం నాకదే మొదలు.

ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండాకే పుట్టింది. బొండం ఆ పిల్ల అద్దం మీద అరచేతులతో కొట్టే దాకా, తప్పటడుగులు వేసే దాకా బతికి, ముసలిదై, ఒక మధ్యాహ్నం పోయింది. మాణిక్యమ్మ గారు దాన్ని తమలపాకులో పెట్టి, కుండీలో మట్టి తవ్వుతూ, "పాపం, దానికెక్కడ నొప్పెట్టిందో" అంది.

తొట్టె ఖాళీ అయింది. ఫణీంద్ర గాలి పంపు ప్లగ్గు పీకబోయాడు. "ఒరేయ్ ఫణీ, ఆపకు" అని లోపల్నుంచి కేక వినపడింది. ఆవిడ మనవరాల్ని చంకనెత్తుకుని వచ్చి, మేత డబ్బా మూత తీసి, ఖాళీ నీళ్ళలో చిటికెడు చల్లింది.

"ఎవరికమ్మా మేత? చేపలు లేవుగా" అన్నాడు ఫణీంద్ర.

"ఉండేవాళ్ళు ఉన్నారు. నీకు కనపడక్కర్లేదు" అంది ఆవిడ, నా వైపు చూస్తూ.