వీపు మీద ఇస్త్రీపెట్టె మచ్చ

బంగూ పేటలో ఎండ గురించి ఒడీలియాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని అందరికంటే ముందు ఒడీలియాయే చెప్పేది. పంతొమ్మిదేళ్లుగా మందులషాపులో పని. సన్‌స్క్రీన్ ట్యూబు కొన్నవాళ్లకు ఓ ఉపన్యాసం కొసరుగా వేసేది. అలాంటి మనిషికి నలభై ఏడో ఏట ముచ్చట పుట్టింది. కొత్త సంవత్సరానికి తెల్లగౌను తొడుక్కుంటే, ఎండకు కమిలిన భుజం మీద బికినీ పట్టీ ఉన్న చోటు గీతలా తెల్లగా మెరవాలి. ఒక శనివారం పొద్దున్నే తలకు గుడ్డ చుట్టుకుని, డబ్బు తీసుకుని ఆడవాళ్లకు ఇలాంటి గీతలు తెప్పించే డోనా జురెమా డాబా ఎక్కింది.

అప్పటికే పదిమంది ఆడవాళ్లు బికినీ ఆకారంలో టేపు అంటించుకుని, మొహాల మీద టోపీలు బోర్లించుకుని, వడియాల్లా వరసగా ఎండుతున్నారు.

"తొమ్మిదిన్నరకల్లా దిగిపోవాలి. పక్కకి ఇరవై నిమిషాలు. సన్‌స్క్రీన్ నేనే రాస్తా," అంది జురెమా.

"నేను రాసుకునే వచ్చానండీ. మీరు రాసేది పల్చగా ఉంటుంది."

"అమ్మేది నువ్వు, రాసేది నేను. సర్లే, పడుకో తల్లీ."

బయల్దేరే ముందే ఇంట్లో స్నానాలగదిలో దూరి సగం ట్యూబు పట్టించుకుంది మరి. సున్నం కొట్టిన గోడలా మెరుస్తూ మూడు శనివారాలు పడుకుంది. ఈలోగా వీపు దురదపెడితే కొత్త సబ్బు పడలేదని తనకు తానే తేల్చేసి, మాత్ర కూడా మింగింది.

మూడోవారం టేపు ఊడదీసి అద్దంలో చూసుకుంటే గీత లేదు. టేపు ఉన్నచోటా లేనిచోటా ఒకటే రంగు. వెనక నవ్వులు వినిపించాయి. జురెమా ఫోనులో ఫొటో తీసి చూపించింది. రెండు చేతులూ అందని చోట, వీపు నడుమ, ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టి మరిచిపోయినట్టు ఇటుకరంగు మచ్చ.

"రాసుకోకుండా ఎండలో పడుకోవద్దని నాకు అరగంట చెప్పావు గదా," అంది షాపుకొచ్చే సుయెలీ. "వీపుకి మినహాయింపా?"

"చెయ్యి అందలేదు."

"ఇంట్లో ఎవరన్నా రాయరా?"

"ఇంట్లో నేనూ ఫ్రిజ్జే. దానికి చేతుల్లేవు."

ముందు తనే నవ్వింది. తర్వాత డాబా అంతా నవ్వింది.

నాలుగో శనివారం జురెమా మచ్చ మీద తడిగుడ్డ కప్పి, మిగతా వీపంతా సన్‌స్క్రీన్ తన పద్ధతిలో పల్చగా, తాపీగా రాసింది. విడాకులై పదకొండేళ్లయింది. ఆ వీపు మీద ఇంకో మనిషి చెయ్యి పడటం మళ్లీ ఇప్పుడే. ఎండ గురించి ఏదో చెప్పబోయి, సగం మాటలోనే ఒడీలియా నిద్రపోయింది. పక్క తిరగమని జురెమా తట్టి లేపాల్సొచ్చింది.

జనవరి ఒకటిన అక్క ఇంట్లో పప్పూ పందిమాంసం వడ్డిస్తుంటే, తెల్లగౌను లోంచి గీత సన్నగా బయటపడింది. అక్క వంగి చూసింది.

"భుజం మీద పౌడరు అంటుకుందే, తుడుచుకో."

"తుడిస్తే పోదక్కా," అంది ఒడీలియా. "నాలుగు శనివారాలు పట్టింది."