పెద్ద మంట మీద ముప్పావు గంట

లేత్ మిషను మీద పనిచేసే టర్నరుకి బావమరిది పేరెత్తితేనే ఒళ్లు మండేది. రెండేళ్ల కిందట, పనిచేస్తున్న లిఫ్టుల కంపెనీ మూతపడ్డప్పుడు, "వారం రోజులుండి పోతాను బావా" అంటూ సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. మూడో నెల తిరక్కుండానే ఇంకో కంపెనీలో లిఫ్టు మెకానిక్కు పని దొరికింది. అయినా ముందుగదిలోని దివాను మీంచి లేవలేదు. మెట్ల దగ్గర ఎవరైనా "ఇక్కడే ఉంటున్నారా?" అని అడిగితే "మా అక్కావాళ్లిల్లు" అనేవాడు తప్ప, మా బావ ఇల్లు అని పొరపాటున కూడా అనేవాడు కాదు.

నిజానికి దివాను పోయినందుకు టర్నరుకి అంత బాధ లేదు. పగలంతా వర్క్‌షాపులో లేత్ ముందు నిలబడి ఇనుము చెక్కి వచ్చే మనిషికి మంచమొకటి ఉంటే చాలు. అతని కడుపుమంటంతా వంటిల్లు గురించే. అక్కా తమ్ముడూ అందులో చేరితే ఇక లోకం పట్టేది కాదు. ఆమె పప్పు మెదుపుతుంటే వాడు వెల్లుల్లి దంచేవాడు. "అమ్మ పోసినన్ని నీళ్లు పోశావా?" అని వాడంటే "ఇంకో గరిటె తక్కువ" అని ఆమె. అంతే, ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్లు. ఆ మాటలో నవ్వాల్సిందేముందో, పదహారేళ్లు కాపురం చేసినా టర్నరుకి అర్థం కాలేదు. గుమ్మంలో నిలబడి "ఏంటీ?" అని అడిగితే "ఏం లేదులెండి" అనేది భార్య. అతనికి పప్పు ముద్దగా ఉండాలి. వీడొచ్చిన దగ్గర్నుంచీ అది కంచంలో పరుగెత్తుతోంది.

ఇలా ఉండగా, నర్సుగా పనిచేస్తున్న భార్యకి వేరే ఊళ్లో నలభై రోజుల ట్రైనింగు పడింది. వెళ్లే ముందు పప్పుల, గింజల డబ్బాలన్నీ తుడిచి అరమీద వరసగా పెట్టింది.

"కంది, పెసర, మినుములు, శనగలు, బొబ్బర్లు, రాజ్మా. కూరగాయలు తెచ్చే ఓపిక ఇద్దరికీ లేదని నాకు తెలుసు. రోజూ ఏదో ఒకటి నానేసుకుని ఉడకేసుకోండి. కుక్కరు రబ్బరు తెగింది, కొత్తది తెండి. నేనొచ్చేదాకా కొట్టుకు చావకండి" అంది.

ఇద్దరూ బుద్ధిగా తలూపారు. రబ్బరు మాత్రం ఇద్దరిలో ఎవరూ తేలేదు.

మూడోరోజే మొదలైంది. బావమరిది వండిన పప్పుని టర్నరు గరిటెతో ఎత్తి, మళ్లీ గిన్నెలోకి ధారగా వదిలాడు.

"ఇది పప్పా, చెయ్యి కడుక్కునే నీళ్లా?"

"నీకు కావాల్సిన పప్పుతో గోడ కట్టొచ్చు బావా. అక్క ఇన్నేళ్లూ ఎలా మింగిందో పాపం."

"నా ఇంట్లో నా నోటికి నచ్చినట్టు వండాలి."

"వండుకో. నీ చేతులెవరు పట్టుకున్నారు?"

ఆ పూటనుంచే ఒకే ఇంట్లో రెండు వంటలయ్యాయి. సింకు పక్కన రెండు గిన్నెలు నానేవి, ఒకదాంట్లో టర్నరు శనగలు, రెండోదాంట్లో వాడి బొబ్బర్లో, పెసలో. పొయ్యికి ఒక బర్నరే సరిగ్గా వెలిగేది కాబట్టి వంతులు వేసుకున్నారు. ఒకడు వండుతుంటే రెండోవాడు వంటింట్లోకి అడుగుపెట్టేవాడు కాదు. ఉప్పుడబ్బా కావాల్సొచ్చినా గుమ్మం అవతలే నిలబడి దగ్గేవాడు. ఒకరోజు బావమరిది తన గిన్నె పెట్టుకోడానికి టర్నరు నానబెట్టిన శనగల్ని కిటికీ గట్టు మీదకి జరిపాడు. ఎండకి నీళ్లు పులిసి, నురగ కట్టి, కంపు కొట్టాయి. టర్నరు వాటిని వాడి దివాను పక్కనున్న చెప్పుల్లో పోశాడు.

ఇరవయ్యెనిమిదో రోజు ఆదివారం. టర్నరు పొద్దున్నే తన వంట ముగించుకుని, తినేసి, ముందుగదిలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. బావమరిది రాత్రంతా నానిన రాజ్మాని పొయ్యి మీద పెట్టాడు. గిన్నె అప్పుడే పొంగుకొస్తుండగా ఫోను మోగింది. పక్క వీధిలో ఒక ముసలావిడ లిఫ్టులో ఇరుక్కుపోయిందట. వాడు పనిముట్ల సంచీ అందుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"బావా, రాజ్మా ఇంకో ముప్పావు గంట పెద్ద మంట మీద ఉడకాలి."

"నీ గిన్నెకి నేను కాపలా కాయాలా?"

"కాపలా అక్కర్లేదు. ముట్టుకోకుండా ఉంటే అదే పదివేలు."

తలుపు ధడాలున పడింది. టర్నరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ముట్టుకోకూడదట! పొయ్యి తనది, గిన్నె తనది, ఇంటి తాళం తనది. లేచి వెళ్లి పొయ్యి కట్టేశాడు. బుడగలు ఒక్కొక్కటే అణిగిపోయేదాకా చూసి, మూత పెట్టి, వచ్చి మళ్లీ పేపరు తెరిచాడు. సిలిండర్లో గ్యాసు అడుగంటిందని తనకి తాను చెప్పుకున్నాడు కూడా. అది నిజమే, కానీ ఆ చెయ్యి లేచింది గ్యాసు కోసం కాదు.

నలభై నిమిషాలు దాటాక కింద మెట్ల మీద ఈల వినిపించింది. టర్నరు గబగబా వెళ్లి పొయ్యి వెలిగించి, ఏమీ ఎరగనట్టు కుర్చీలోకి వచ్చాడు.

బావమరిది ఆకలితో నకనకలాడుతూ వచ్చాడు. మూత తీసి ఒక గింజ నోట్లో వేసుకుని "ఇంకా పలుకుందే. పాత సరుకు అయ్యుంటుంది" అని గొణుక్కున్నాడు. ఉల్లిపాయలూ టమాటాలూ వేయించి, గింజలు అందులో పోసి, రెండు తిప్పులు తిప్పి దించేశాడు. రెండు కంచాలనిండా తిన్నాడు. తింటున్నంతసేపూ టర్నరు పేపరు వెనకాల నవ్వుకుంటూనే ఉన్నాడు. గట్టి గింజలు నమిలి దవడలు నొప్పెట్టాలి, అంతే అతను కోరుకున్నది.

మధ్యాహ్నం మూడు కాకముందే వాంతులు మొదలయ్యాయి. నాలుగింటికల్లా వాడు బాత్రూము గచ్చు మీద గోడకి జారగిలబడి ఉన్నాడు. పెదాలు పాలిపోయాయి. లేపబోతే తల నిలవలేదు. "బావా, కళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు. రెండేళ్లలో వాడి గొంతులో వెటకారం లేని మాట టర్నరు వినడం అదే మొదటిసారి. వాణ్ని భుజాన వేసుకుని మూడంతస్తులు దింపాడు. ఆ రోజు సొంత బిల్డింగులోనే లిఫ్టు పనిచేయడం లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సెలైను పెట్టించి, ఏం తిన్నావని అడిగింది.

"రాజ్మా."

"సరిగ్గా ఉడక్కపోతే అది విషంలాంటిది. బాగా మరక్కుండా వేడినీళ్లలో ఊరకే నానితే ఇంకా అన్యాయం. ఎంతసేపు ఉడికించారు?"

"ముప్పావు గంట, పెద్ద మంట మీద" అన్నాడు బావమరిది కళ్లు మూసుకునే.

"అయితే ఇలా అవకూడదే" అంటూ ఆమె టర్నరు వైపు చూసింది. అతను సెలైను సీసాలో చుక్కలు లెక్కపెడుతూ నిలబడ్డాడు.

సాయంత్రం భార్య ఫోను చేసింది. తమ్ముణ్ని దులిపేసింది. వంటంటే లిఫ్టు బటన్ నొక్కడమనుకున్నావా అంది. "నాదే తప్పక్కా, తొందరపడి దించేశాను" అన్నాడు వాడు. తర్వాత ఫోను టర్నరు చేతికొచ్చింది.

"మీరు దగ్గరుండి తీసుకెళ్లారట. వాడంటే మీకు పడదని తెలిసి కూడా... మీరున్నారు కాబట్టి సరిపోయింది" అంది భార్య. ఆ మెప్పు సలసల కాగే నూనెలా చెవిలో పడింది.

వాణ్ని మర్నాడు ఇంటికి పంపారు. టర్నరు సెలవు పెట్టి పెసరపప్పు మెత్తగా ఉడికించి, దానిమీది తేటనీళ్లు గ్లాసులో పోసి ఇచ్చాడు. వాడు గ్లాసు వాసన చూశాడు.

"ఇందులో ఏం కలిపావు?"

"ఉప్పు."

"ముందు నువ్వు తాగు."

టర్నరు ఒక గుక్క తాగి గ్లాసు వాడి చేతిలో కుక్కాడు. జాలి పడుతున్నాడన్నది ఎంత నిజమో, లోపల పళ్లు నూరుతున్నాడన్నదీ అంతే నిజం. పలుకు ఉందని తెలిసి ఎందుకు తినాలి వీడు? రెండు కంచాలు తినమని ఎవరు బతిమాలారు? ఇప్పుడు తన గుండెల మీద ఈ బరువెందుకు పెట్టాలి? ఇలా వాదించుకుంటూనే నాలుగు రోజులు తేటనీళ్లు ఇచ్చాడు. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు.

ఐదోరోజు సాయంత్రం పనినుంచి వచ్చేసరికి బావమరిది వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ముందుగది గోడ గడియారం తీసుకొచ్చి పొయ్యి పక్కన ఆనించి పెట్టాడు. గిన్నెలో రాజ్మా కుతకుత ఉడుకుతోంది.

"రా బావా. అదే డబ్బాలో గింజలు. అదే గిన్నె. రాత్రంతా నానబెట్టాను. ముప్పావు గంటయింది." గరిటెతో గిన్నె అంచుకేసి నొక్కాడు. గింజలు వెన్నలా చితికాయి. "పాత సరుకు కాదన్నమాట. లిఫ్టు మధ్యలో ఆగితే కరెంటు ఎక్కడ పోయిందో వెతుకుతాం మేము. ఆ రోజు మంట ఎక్కడ పోయింది?"

"సిలిండర్లో గ్యాసు అయిపోవచ్చి..."

"నా దగ్గర నీ పప్పులుడకవు."

ఇంకో రోజైతే ఆ మాటకి ఇద్దరిలో ఒకరైనా నవ్వేవారు. టర్నరు చేతిసంచీ కింద పెట్టాడు.

"నేనే ఆపాను. నువ్వు మెట్లు దిగగానే ఆపాను. నీ ఈల వినపడ్డాక వెలిగించాను."

"ఎందుకు?"

"ముట్టుకోవద్దన్నావు. నా ఇంట్లో నన్ను."

"డాక్టరు అడిగినప్పుడు అక్కడే ఉన్నావు. అక్క నన్ను తిడుతుంటే పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"నేను చస్తే?"

"దానితో మనిషి చస్తాడని నాకేం తెలుసు?"

"తెలిస్తే ఆపేవాడివి కాదా?"

"ఆపేవాణ్ని కాదు" అన్నాడు టర్నరు. కానీ ఆ మాట రావడానికి ఒక క్షణం పట్టింది. ఆ క్షణం ఇద్దరికీ వినిపించింది.

బావమరిది పొయ్యి కట్టేసి లేచాడు. అరగంటలో బట్టలు సర్దుకున్నాడు. వెళ్తూ, "అక్కకి నేను చెప్పను. చెప్పే మొహం ఉంటే నువ్వే చెప్పుకో" అన్నాడు.

ఆ తర్వాత వారం రోజులూ ఇల్లంతా టర్నరుదే. పప్పు గోడ కట్టేంత గట్టిగా వండుకున్నాడు. రెండు ముద్దలు తిని కంచం పక్కకి తోసేవాడు.

భార్య వచ్చిన రోజున, ఆమె చెప్పులు విడవకముందే మొత్తం చెప్పేశాడు. ఒక్క ముక్క దాచలేదు, ఆ క్షణం ఆలస్యంతో సహా. ఆమె సంచీ గుమ్మంలోనే దించేసింది.

"నలభై రోజులు పరాయివాళ్ల ప్రాణాలు కాపాడటం నేర్చుకున్నాను నేను" అంది. "మీరు ఇక్కడ కూర్చుని నా తమ్ముడి గిన్నె కింద మంట ఆపుతున్నారా? వెళ్లండి. వాణ్ని పిలుచుకు రండి."

"రాడు."

"రాడని నాకూ తెలుసు. అయినా వెళ్లండి."

బావమరిది అద్దెకి దిగింది టైర్ల దుకాణం మీది ఒంటిగదిలో. తలుపు తీసే ఉంది. మంచం, కరెంటు పొయ్యి, దాని మీద గిన్నె. బావమరిది అప్పుడే నానిన శనగలు అందులో పోస్తున్నాడు. లోపలికి రమ్మనలేదు.

"మీ అక్క పిలుచుకు రమ్మంది" అన్నాడు టర్నరు గుమ్మంలోంచి. "నాది తప్పే."

"శనగలు ఉడికేదాకా నిలబడు. అప్పుడు మాట్లాడతాను."

టర్నరు నిలబడ్డాడు. రోజుకి ఎనిమిది గంటలు లేత్ ముందు నిలబడే కాళ్లు అరగంటకే పీకాయి. బావమరిది మంచం మీద కూర్చుని స్క్రూలు ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి ఏరుతున్నాడు. తలెత్తి చూడలేదు. కింద దుకాణంలో టైరు ఊడదీస్తూ ఎవరో సుత్తితో కొడుతున్నారు. గంటయింది. గిన్నె ఒక్కసారి పొంగి నురగ అంచులు దాటింది. అలవాటు కొద్దీ టర్నరు ఒక అడుగు ముందుకేసి చెయ్యి చాచాడు.

"చెయ్యి వెనక్కి తియ్యి" అన్నాడు బావమరిది.

తీశాడు. వాడు నింపాదిగా లేచి నురగ ఎత్తి పారబోసి మళ్లీ స్క్రూల దగ్గరికి వెళ్లాడు. ఇంకో అరగంట గడిచాక గరిటెతో ఒకే ఒక్క శనగ తీసి టర్నరు ముందు పెట్టాడు.

"నొక్కి చూడు."

వేలు కాలింది. గింజ మెత్తగా నలిగి పొట్టు జారిపోయింది.

"ఉడికిందా?"

"ఉడికింది."

"ఎంతసేపు పట్టింది?"

"గంటన్నర."

"ఈ గంటన్నరలో నీకు ఒక్కసారైనా కోపం వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది" అన్నాడు టర్నరు. ఈసారి ఆలస్యం కాలేదు.

"ఆ మాటైనా నిజం చెప్పావు" అన్నాడు బావమరిది. "నేను రాను. ఆదివారాలు అక్కని చూడ్డానికి వస్తాను, నువ్వు ఇంట్లో లేనప్పుడు. అదే చెప్పు." తలుపు మూసి గడియ పెట్టుకున్నాడు.

ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టుగా ఇంట్లో చెప్పాడు టర్నరు. భార్య విని లోపలికి వెళ్లిపోయింది. ఆ ఆదివారం ఎవరూ చెప్పకుండానే అతను తొమ్మిదింటికల్లా చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.