చెక్కల చప్పుడు

మా మామ చిన్నయ్యరాజా నాకు మేస్త్రీ పని నేర్పేటప్పుడు తాపీ కంటే ముందు ఒక సూత్రం చేతికిచ్చాడు. ఆజ్ఞ అరవంలో, అనుమానం తెలుగులో. మా పూర్వీకులు వందల ఏళ్ళ కిందట ఈ అరవదేశానికి వచ్చారు. బజారులో, బడిలో, పనిలో మాకు అరవమే. తెలుగు పొయ్యి దగ్గరా, దేవుడి దగ్గరా మిగిలింది. మా పనివాళ్ళంతా అరవవాళ్ళు కనుక, దూలం వంకరగా ఉన్నా, ఇటుక సరిగా కాలకపోయినా ఆ సంగతి వాళ్ళ ఎదుటే మేం తెలుగులో అనేసుకునేవాళ్ళం.

"పనోళ్ళ ముందర దిగులు పడినోడు పెత్తనానికి పనికిరాడురా సుందరా. ఒక దినం నీ మొగంలో బయం చూసినారంటే, మర్నాడు నీ మాట వినరు" అనేవాడు మామ. గోడలకు చెవులుంటాయని సామెత చెప్పేదీ ఆయనే. మనుషులకు ఉంటాయన్నది మాత్రం ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

అది పందొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం. మదురైలో ఒక మిల్లుకు పత్తి గోదాము కడుతున్నాం. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఈ కప్పు నా చేతుల మీదుగా పూర్తయితే, కోయంబత్తూరులో లేవబోయే కొత్త మిల్లుకు నేనే పెద్ద మేస్త్రీనని మామ మాటిచ్చాడు. నిద్రలో కూడా నాకు కోయంబత్తూరే.

ఆ రోజుల్లో కప్పంటే టేకు దూలాల మీద పలచటి ఇటుకలు పేర్చి, వాటి మీద ఇటుక ముక్కలూ గానుగ సున్నమూ కలిపి పోసేవాళ్ళం. ఆపైన బెల్లమూ కరక్కాయా నానబెట్టిన నీళ్ళు చల్లుతూ దాన్ని చెక్కలతో కొట్టాలి. వేసిన చెక్క ఎగిరి వెనక్కి వచ్చేదాకా, పదిరోజులైనా సరే, కొడుతూనే ఉండాలి. అది ఆడవాళ్ళ పని. పన్నెండుమంది వరసగా కూర్చుంటే, ఒకామె పాట ఎత్తుకునేది. తక్కిన వాళ్ళు అందుకునేవాళ్ళు. చెక్కలన్నీ ఒక్కసారే పడేవి.

పాట ఎత్తేది ఆరాయి. దిండిగల్ పక్క పల్లెలో కాపురం, యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆమె మొగుడు గురుసామి కింద సున్నం గానుగ తోలేవాడు. నేను మేస్త్రీనని మీసం తిప్పుకునేవాణ్ణి గానీ, ఆ పన్నెండు చేతులూ లేచేదీ పడేదీ ఆమె గొంతుతోనే. అప్పుడు నాకది పెత్తనంలా కనిపించలేదు, ఆడవాళ్ళ పాటలే అనుకున్నాను.

చెక్కల కొట్టుడు మొదలైన ఆరో రోజు పొద్దున. అంతకు ముందు రెండు రోజులు అకాల వర్షం కురిసింది. తూర్పు గోడలో, దూలం కూర్చున్న చోటికి కింద, వెంట్రుకంత పగులు కనిపించింది. దానికి అడ్డంగా వేలితో కాస్త తడి సున్నం పూసి వెళ్ళాను. గోడ కదిలితే సున్నం తెగుతుంది. పది గంటలకు వచ్చి చూస్తే తెగి ఉంది. పగుల్లో నా గోరు దూరింది.

మామ దగ్గరికి పరుగెత్తబోయి, ఆయన నేర్పిన చదువు గుర్తొచ్చి, నడిచి వెళ్ళాను.

"మామా, తూర్పు గోడ చీలతా ఉండాది. అందరినీ దించేస్తాము."

"మెల్లగా అనరా" అన్నాడాయన, చుట్టూ చూస్తూ. "సాయంత్రం మిల్లు మొదలాళి వస్తా ఉండాడు. ఆయన వచ్చేసరికి పైన చెక్కలు పడతా ఉండాల. రేపు పొద్దున ఆసరా కట్టెలు పెట్టి నిలబెడతాము. ఇప్పుడు దించితివంటే గోడ కత ఊరంతా పాకిపోతాది. ఆమీద కోయంబత్తూరు లేదు, ఏమీ లేదు."

నేను కదల్లేదు. ఆయనే మళ్ళీ అన్నాడు. "మీ బావ పైన ఉండాడు గదా. వాణ్ణి మాత్రం రమ్మను."

బావంటే ఆయన కొడుకు, కప్పు కొలతలు చూసేవాడు. నేను నిచ్చెన ఎక్కాను. ఎల్లారుం కీళే ఇరంగుంగ. అందరూ కిందికి దిగండని చెప్పడానికి అరవంలో ఆ మూడు మాటలు చాలు. నిచ్చెన ఎక్కుతున్నంత సేపూ అవి నా నోట్లోనే ఉన్నాయి. పైకి వెళ్ళి తెలుగులో అన్నాను.

"బావా, తూర్పు గోడ నిలిచేటట్టు లేదు. నువ్వు కిందికి వచ్చెయ్యి. నవ్వుతా రా, ఆడోళ్ళు చూస్తా ఉండారు."

బావ నవ్వుతూ దిగాడు. నేనూ నవ్వాను. ఆరాయి మాకు బారెడు దూరంలో, వీపు మావైపు పెట్టి కూర్చుని ఉంది. పాటలో ఒక్క చరణం తప్పింది. వెంటనే అందుకుంది.

కాసేపటికి చంటిబిడ్డ తల్లి ఒకామె పాలివ్వాలని దిగింది. తర్వాత ఇద్దరు తాగే నీళ్ళకని దిగారు. ఇంకొకామె బెల్లం నీళ్ళ కుండ పట్టుకుని దిగింది. దిగిన వాళ్ళెవరూ తిరిగి ఎక్కలేదు, గానుగ వెనకాల పడమటి పక్కకు పోతున్నారు. నాకు ఒళ్ళు మండింది. మామను ఏమీ అనలేని కోపం ఎక్కడో ఒకచోట దిగాలి కదా. కింద నిలబడి, "ఇది పనా, సంతా?" అని అరవంలో అరిచాను.

ఆరాయి అంచు మీదుగా తొంగి చూసింది. "వస్తారు సామీ" అంది. ఆ కళ్ళలో కోపం ఉండి ఉంటే ఇన్నేళ్ళూ నాకు కొంత సుఖంగా ఉండేది.

పైన చప్పుడు మాత్రం తగ్గలేదు. తక్కినవాళ్ళు బాగానే కొడుతున్నారులే అనుకున్నాను. కొట్టం కింద కూర్చున్న మామ ఆ పాటకు కాలు కదుపుతూ, "కొట్టుడు బాగుండాది" అన్నాడు.

పాట సాగుతుండగానే దూలం జారింది. గోడ లోపలికి కూలింది. దుమ్ము అణిగాక లెక్కపెడితే పదకొండుమందీ పడమటి పక్కన నిలబడి ఉన్నారు. ఒక్కరికీ గీత పడలేదు.

ఆరాయిని బయటికి తీసేసరికి మధ్యాహ్నం దాటింది. ప్రాణం లేదు. కుడిచేతి వాటం మనిషి. ఎడమ చేతిలో కూడా ఒక చెక్క ఉంది.

చివరగా దిగిన ఆమె ఏడుస్తూ చెప్పింది. నేను అటు తిరిగాక తక్కినవాళ్ళూ ఒక్కొక్కరే దిగిపోయారట. "చప్పుడు ఆగితే పెద్దాయన వచ్చి మళ్ళీ మనల్ని ఎక్కిస్తాడు. మీరు దిగండి, నేను కడపట వస్తా" అందట ఆరాయి. రెండు చేతులా రెండు చెక్కలు పట్టుకుని, పదిమంది చప్పుడు తానొక్కతే చేసిందట.

ఆమెకు ఎలా తెలిసిందో నాకు అంతు పట్టలేదు. గురుసామి ఆమె తల దగ్గర కూర్చుని ముఖం మీది సున్నం తుడుస్తున్నాడు. నావైపు చూడకుండానే అరవంలో చెప్పాడు.

"పెరియకుళంలో మీ తెలుగువాళ్ళ మామిడితోటలో పెరిగిందయ్యా ఇది. మీ పిల్లలకు మీ మాటలోనే జోల పాడేది. మీ మాట తెలుసా అని ఒక్కరైనా అడిగారా? ఇన్నేళ్ళూ మీ దిగులంతా వింటూనే ఉంది. మేస్త్రీల పరువు పోతుందని బయటపెట్టలేదు."

అక్కడికక్కడే నేలలోకి దిగిపోవాలనిపించింది. దిగిపోలేదు. సాయంత్రం మిల్లు యజమాని వచ్చాడు. వర్షం వల్లే జరిగిందని మామ చెప్పాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "మా అల్లుడు మాత్రం కొంచెమైనా వణకలేదు. నిబ్బరం అంటే అది" అన్నాడు. కోయంబత్తూరు నాకే ఖాయమైంది. వద్దనాల్సింది. తల వంచి దండం పెట్టాను. సిగ్గులేని దండం.

కోయంబత్తూరులో మొదటి కప్పు. గోడలు మూడుసార్లు చూసుకున్నాను, ఎక్కడా పగులు లేదు. ఆ మాటే ఇంట్లోలాగా మామతో తెలుగులో అన్నాను. తర్వాత పైకెక్కి, వరసగా కూర్చున్న ఆడవాళ్ళతో అరవంలో గట్టిగా చెప్పాను. "గోడలు నేనే చూశాను. గట్టిగా ఉన్నాయి. మొదలుపెట్టండి."

ఒక్క చెక్కా లేవలేదు. వాళ్ళు నన్ను దాటి, నా వెనకాలకు చూస్తున్నారు. అక్కడ బెల్లం నీళ్ళ కుండతో ఒకామె నిలబడి ఉంది. సౌందరం ఆమె పేరు. పొద్దున నేనూ మామా మాట్లాడుకుంటున్నప్పుడు మా పక్కనే కరక్కాయలు దంచుతూ కూర్చున్న మనిషి. మేం తెలుగులో అనుకున్నదీ అదేనన్నట్టు ఆమె తల ఊపింది. అప్పుడు చెక్కలు లేచాయి.

ముప్పై ఏళ్ళు మేస్త్రీగా చేశాను. ఏ ఊరి పనికి వెళ్ళినా, మా మాటలు వినబడేంత దూరంలో ఎవరో ఒకామె ఉండేది. రోజూ పొద్దున్నే నేను అన్నీ అరవంలోనే చెప్పేవాణ్ణి. పగులుంటే పగులని, భయంగా ఉంటే భయమని. అందరూ మర్యాదగా వినేవాళ్ళు. విని, ఆమె వంక చూసేవాళ్ళు.