క్లాసుకు రానివాడు

నా మొహంతో, నా గొంతుతో, ఆ కాలేజీలో ఏటేటా ఒక అబద్ధం చెప్పిస్తున్నారు. వెళ్ళి అడిగితే, "ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదే, మీకొక్కరికే వచ్చిందా అనుమానం?" అన్నారు. పాఠం చెప్పింది నేనైతే అనుమానం నాకు రాక ఎవరికొస్తుందట? వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది!

మొదట్నుంచీ చెబుతాను. కంప్యూటర్ సైన్సు మొదటి ఏడాది పిల్లలకు డిస్క్రీట్ మ్యాథ్స్ చెప్పేదాన్ని. కాంట్రాక్టు ఉద్యోగం. సంబంధాల పాఠం, అదే రిలేషన్స్, దగ్గరికి వచ్చేసరికి నాకొక అలవాటు ఉండేది. బోర్డు మీద ఒక తప్పుడు రుజువు వేసి, మొహంలో నవ్వు కనపడనివ్వకుండా నిలబడేదాన్ని.

ఆ రుజువు ఇదీ. ఒకే బెంచీ మీద కూర్చోవడం అనే సంబంధం తీసుకోండి. నేను నీ బెంచీ మీద ఉంటే నువ్వూ నా బెంచీ మీద ఉన్నట్టే. ఇది సిమెట్రిక్. నేను నీతో, నువ్వు ఆమెతో ఒకే బెంచీ అయితే నేనూ ఆమే కూడా ఒకే బెంచీ. ఇది ట్రాన్సిటివ్. సరే, నా దగ్గర్నుంచి నీ దగ్గరికి వచ్చాం, నీ దగ్గర్నుంచి తిరిగి నా దగ్గరికే వచ్చాం. కాబట్టి నేను నాతోనే ఒకే బెంచీ మీద ఉన్నాను. ప్రతివాళ్ళూ అంతే. ఇది రిఫ్లెక్సివ్. అంటే మొదటి రెండు గుణాలూ ఉంటే మూడోది దానంతటదే వచ్చేస్తుందన్నమాట! "ఒప్పుకుంటారా?" అని అడిగితే అందరూ తలలూపేవాళ్ళు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే బాపతు.

కాసేపటికి వెనకనుంచి ఎవరో ఒకరు లేచేవాళ్ళు. "మేడమ్, అసలు ఇవాళ క్లాసుకే రానివాడి సంగతేంటి?" అదీ ప్రశ్నంటే! వాడి పేరు హాజరు పట్టీలో ఉంది, వాడు మాత్రం ఏ బెంచీ మీదా లేడు. ఎవరితోనూ జత లేనివాడి దగ్గర ఆ రుజువు మొదలే కాదు. ఆ ప్రశ్న పుట్టే క్షణం కోసమే ఆ చాలీచాలని ఉద్యోగం పట్టుకు వేలాడానంటే నమ్మండి.

ఒక ఏడు హెడ్డుగారు పిలిచి పాఠాలన్నీ వీడియో తీయిద్దామన్నారు. "మీకు ఒంట్లో బాగోనప్పుడు పిల్లలు నష్టపోకూడదు కదా" అన్నారు. ఎంత దయో! ల్యాబు పక్కన విరిగిన కుర్చీలు పేర్చిన గదిలో గోడకి నీలం గుడ్డ కట్టారు. చప్పుడు రికార్డవుతుందని ఫ్యాను ఆపేశారు. చెమటలు కక్కుతూ కెమెరాకే చెప్పాను. ఆ రుజువూ వేశాను. అక్కడ లేచి అడిగేవాళ్ళు లేరు కనుక చివర్లో నేనే అన్నాను. "ఇందులో తప్పుంది. వెతకండి. వచ్చే పాఠంలో తేలుద్దాం."

ఆ వచ్చే పాఠం రానేలేదు. మర్నాడే హెడ్డుగారు కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, వచ్చే ఏడాదికి మీ కాంట్రాక్టు పొడిగించడం లేదన్నారు. "వీడియోలు దాదాపు అయిపోయాయిగా, మిగిలింది మావాళ్ళు చూసుకుంటారు" అన్నారు. ఏరు దాటి తెప్ప తగలేశారు. ఆ తెప్ప కట్టిచ్చింది నేనే కావడం నా ఖర్మ. అప్పట్నుంచీ ఇంట్లో బడిపిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటున్నాను.

మా అమ్మాయి చిట్టికి ఆ కాలేజీలోనే సీటొచ్చింది. దానికొచ్చిన ర్యాంకుకి ఇంకెక్కడా రాలేదు. ఒకరోజు సాయంత్రం బ్యాగు పడేసి, "అమ్మా, ఇవాళ మాకు నువ్వే క్లాసు చెప్పావు తెలుసా! నీకు మావాళ్ళు పేరు కూడా పెట్టారు, నీలంగుడ్డ మేడమ్ అని" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

"రెండుంటే మూడోది దానంతటదే వస్తుందని భలే రుజువు చేశావే" అంది మళ్ళీ.

"తప్పెక్కడుందో కనిపెట్టావా మరి?"

"తప్పేంటి? నువ్వు అలా ఏమీ అనలేదే."

ఫోనులో పెట్టి చూపించింది. రుజువు పూర్తయింది, నేను కెమెరా వైపు చూసి తలాడించాను, అంతే. చివరి మాటలు లేవు. రాని పాఠం గురించి ప్రస్తావన ఎందుకని కత్తిరించి పారేశారు. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడే వెళ్ళాను. ఇందాక చెప్పిన అనుమానం మాట హెడ్డుగారు అప్పుడన్నదే. "ఆ వీడియో తీసెయ్యండి, లేదా ఆ ఒక్క ముక్కా నాతో చెప్పించి అతికించండి, ఊరికే చెబుతాను" అన్నాను. చూద్దాం అన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అయింది.

పరీక్ష దగ్గర పడింది. ఆ రుజువే ప్రశ్నగా వస్తుందని పిల్లలందరికీ తెలుసు. "ఏం రాయమంటావమ్మా?" అనడిగింది చిట్టి.

"నిజం రాయి. రుజువు చెయ్యలేం, ఇది తప్పు అని రాసి, ఎందుకో రాయి. సున్నా వేస్తే వేసుకోనీ, నా కూతురివై తలెత్తుకు తిరుగు."

"నీ పంతానికి పిల్లని బలి చెయ్యకు" అన్నాడు మా ఆయన. నేను వింటేనా!

అది నిజమే రాసింది. ఆ ప్రశ్నకి సున్నా వేశారు. కొద్ది మార్కుల తేడాతో ఆ పేపరు తప్పింది. ఇంకొక్కసారి రాయనిస్తారు, అందులోనూ తప్పితే రెండో ఏడాదిలోకి వెళ్ళనివ్వరు. ఒక ఏడాది బుగ్గి.

పేపర్లు దిద్దింది ఎవరా అని కనుక్కుంటే నా శిష్యుడే! కళ్ళజోడు అని పిలిచేదాన్ని. ఇప్పుడు అక్కడ నా స్థానంలో కాంట్రాక్టు మీద ఉన్నాడు, వీడియోలు పెట్టడం, పేపర్లు దిద్దడం వాడి పని. ఒకప్పుడు నా క్లాసులో లేచి, రానివాడి సంగతేంటని అడిగిన మొనగాడు వాడు. ఆరోజు ఎంత మురిసిపోయానో. కాలేజీకి వెళ్ళి స్టాఫ్ రూములోనే పట్టుకున్నాను.

"నీకు తెలియదట్రా అది తప్పని?" అన్నాను.

"తెలుసు మేడమ్." తల వంచుకున్నాడు. "దిద్దడానికిచ్చిన జవాబుల కీలో వీడియోలో ఉన్నదే ఉంది. కీ దాటి మార్కులేస్తే నన్ను పిలిచి అడుగుతారు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది మేడమ్, నాకింకా పర్మనెంటు కాలేదు."

ఛీ అందామనుకున్నాను. లేచి వచ్చేశాను. గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "ప్రశ్నలన్నీ ఆ వీడియోల్లోంచే తీస్తారు. మళ్ళీ అదే వస్తుంది. ఈసారి చెల్లెమ్మకి కాస్త చెప్పండి మేడమ్."

ఆ సాయంత్రం ట్యూషన్ పిల్లల్ని తొందరగా పంపేసి, వంటింటి బల్ల దగ్గర చిట్టిని కూర్చోబెట్టాను.

"ఈసారీ నిజమే రాస్తా" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "తలెత్తుకు తిరగమన్నావుగా."

"వాగాను. వదిలెయ్."

"తప్పని తెలిసీ రాయమంటావా?"

"రాయమనే అంటున్నా."

అది చూసిన చూపుకి సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత వీడియో పెట్టుకుందామని ఫోను తీసింది. వద్దన్నాను, నేనే చెబుతానన్నాను. కాగితం తీసి ఒక్కో అడుగూ వేస్తూ, ఎక్కడా అనుమానం రాకుండా, చక్కగా చెప్పాను. తిరిగి అప్పజెప్పమన్నాను. మొదటిసారి, ప్రతివాళ్ళకీ ఎవరో ఒకరు జత ఉన్నారనుకునే చోట తడబడి ఆగింది.

"అక్కడ ఆగకు" అన్నాను. "ఆగితే దిద్దేవాడు కూడా ఆగుతాడు."

మళ్ళీ చెప్పింది, ఈసారి గడగడా. "బాగా వచ్చింది, ఇలాగే రాయి" అన్నాను.

కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుని లేచింది.

"వీడియోలో కంటే ఇప్పుడే బాగా చెప్పావమ్మా" అని లోపలికి వెళ్ళిపోయింది.