దూపకు ధూపం

చంద్రమ్మ అడిగింది నీళ్ళు. బ్యాంకు పంపింది అగరుబత్తీలు.

రెండు అట్టపెట్టెల నిండా, మేలైన మైసూరు సరుకు. వాటిని వ్యానులోంచి దింపించిన రవికిరణ్ ముఖం ఏదో ఘనకార్యం చేసినట్టు వెలిగిపోతోంది. మాదాపూర్‌లో అద్దాల భవనాలు కట్టడానికి పాలమూరు నుంచి వచ్చిన కూలీల బస్తీ అది. మే నెల ఎండ. అంతమందికీ ఉన్నది ఒకటే నల్లా. దాని ముందు బిందెల వరుస రోడ్డు దాకా పాకింది.

"ఏంది సారూ గివి?" అంది చంద్రమ్మ. ఆ వరుసలో కొట్లాటలు తీర్చేది ఆమే కాబట్టి, బస్తీ తరఫున మాట్లాడేదీ ఆమే.

రవికిరణ్ ఓపిగ్గా వివరించాడు. మొన్న విదేశీ బ్యాంకు వాళ్ళు వచ్చి మీకేం కావాలని అడిగినప్పుడు, మాకు దూప తీరితే చాలని ఆమే చెప్పింది. దుబాసీగా తను దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టాడు. బస్తీ వాళ్ళ భక్తికి దొరలు కరిగిపోయారు.

చంద్రమ్మ ఒక కట్ట తీసి వాసన చూసింది. తర్వాత అతన్ని ఎగాదిగా చూసింది.

"నీదేవూరు బిడ్డా?"

"అమలాపురం అండి."

"మీ అమలాపురంల దూపైతే అగర్‌బత్తులు నములుతరా?"

వరుస మొత్తం గొల్లుమంది. దూప అంటే ఈ ప్రాంతంలో దాహమని ఒక ముసలాయన జాలిపడి చెప్పాడు. ఆ నవ్వుల్లో కలవలేకపోయింది రవికిరణ్ ఒక్కడే. ఎందుకంటే ఆ ఒక్క మాట ఏం చేసిందో తెలిసినవాడూ అతనొక్కడే.

బ్యాంకు నగరానికి నీటి పైపుల కోసం అప్పిస్తోంది. దానికో షరతు పెట్టింది: ఉచిత నల్లాలన్నీ మూసెయ్యాలి, మీటరున్న ఇంటికే నీళ్ళివ్వాలి. గుడిసెకు మీటరెవరు పెడతారు? బృందంలోని మార్తా అనే ఆవిడ దీని మీదే సొంత బ్యాంకుతో పోట్లాడుతోంది. నీళ్ళు, వైద్యం, చదువు మనుషుల హక్కులు, ఆ మనుషుల మాట వినకుండా పెట్టిన షరతు చెల్లకూడదు, బ్యాంకు నిబంధనే మార్చాలి అని ఆమె వాదన. కొత్త నిబంధన కూడా రాసి పెట్టుకుంది. బృందం పెద్ద హెన్రిక్ ఆమె నోరు మూయించడానికి ఒక పందెం కాశాడు. ఒక బస్తీని అడిగి చూద్దాం, వాళ్ళకు అభ్యంతరముంటే నీ నిబంధనను నేనే పైకి పంపుతాను, లేకపోతే చెత్తబుట్టలో వేస్తాను అన్నాడు.

అడిగారు. బస్తీ అగరుబత్తీలు కోరింది. హెన్రిక్ ఆనందం పట్టలేక రెండు పెట్టెలు పంపాడు. సంతకాలు ఈ రోజే, భోజనాలకు ముందు. రవికిరణ్ ఇదంతా గబగబా చెప్పేశాడు.

"అంటే నల్లా బంద్ జేస్తరా?" అంది చంద్రమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"సంతకమైతే రేపే మూసేస్తారండి. నేను పొరపాటు పడ్డానంటే చాలదు. మీ మాట మీరే మార్చి చెప్పాలి. స్కూటర్ ఎక్కండి."

ఎక్కేముందు ఆమె పెట్టెలోంచి నాలుగు కట్టలు లాగి కొంగులో కట్టుకుంది. ఎందుకని అడిగే తీరిక అతనికి లేదు. రోడ్డుకడ్డంగా పడున్న బండరాళ్ళను తప్పిస్తూ, కాంక్రీటు లారీల మధ్యలోంచి దూరుతూ, స్కూటర్‌ను హైటెక్ సిటీలో సంతకాలు జరిగే గుండ్రటి భవనం ముందు ఆపాడు.

గేటు దగ్గర కథ అడ్డం తిరిగింది. చంద్రమ్మకు పాస్ లేదు. కబురందుకుని దిగివచ్చిన రామ్మోహనరావు, దొరల ఏర్పాట్లు చూసే అధికారి, ఆమెను చూడగానే చెమట తుడుచుకున్నాడు. ఏసీ గదిలో ఉన్నా ఆయనకు చెమట పడుతుంది. పైవాళ్ళకు కోపం వస్తుందేమోనన్నది ఆయన శాశ్వత జ్వరం.

"ఏమయ్యా రవికిరణ్, నా ఉద్యోగం మీద కన్నేశావా? సంతకాల వేళ ఈ గొడవేంటి?"

రవికిరణ్ నోరు తెరిచేలోపు చంద్రమ్మ కొంగు విప్పి కట్టలు చూపించింది.

"గొడవేం లేదు సారూ. దొర పంపిండు గదా, శుభకార్యం ముంగట జర దూపమేసి పోత. నువ్వొద్దంటే పోత. రేపు దొరే అడుగుతడు, ఆమెనెవరు ఎల్లగొట్టిన్రని."

రామ్మోహనరావు ఆ రేపటిని ఊహించుకున్నాడు. పాస్ ఆయనే రాసిచ్చాడు.

సమావేశం గది తలుపులన్నీ బిగించి ఉన్నాయి. హెన్రిక్ కలం తెరిచే ఉంది. చంద్రమ్మను చూసి లేచి నమస్కారం పెట్టాడు. ఆమె నాలుగు కట్టలూ ఒకేసారి ముట్టించి, పొగ ఆయన వైపు పోయేలా బల్ల మీద పెట్టింది.

కాసేపటికి గదిలో మనుషుల ఆకారాలే మిగిలాయి. రామ్మోహనరావు తుమ్మాడు. మార్తా రుమాలు అడ్డం పెట్టుకుంది. మర్యాద కోసం నవ్వుతూ నవ్వుతూ హెన్రిక్ దగ్గడం మొదలుపెట్టాడు. కళ్ళనిండా నీళ్ళు, గొంతులో చుక్క లేదు. తడుముకుంటూ నీళ్ళ సీసా కోసం చెయ్యి చాచాడు.

సీసా చంద్రమ్మ చేతిలో ఉంది.

"అడుగు బిడ్డా," అంది రవికిరణ్‌తో. "ఈ కుర్చీకి మీటరున్నదా?"

రవికిరణ్ ఈసారి ఒక్క అక్షరం కూడా పొల్లుపోనివ్వలేదు. హెన్రిక్‌కు అర్థం కాలేదు గానీ, పాపం నిజంగానే కుర్చీ కిందకి వంగి చూశాడు.

"లేదు గదా. మీటర్ లేనోనికి నీళ్ళు లెవ్వు. నువ్వే రాసినవంట. గిప్పుడు నీకైతున్నదే, దాన్నే మేం దూప అంటం."

రవికిరణ్ దాన్నీ అనువదించాడు. ఆ వెంటే, మొన్న తను దాన్ని అగరుబత్తీ అన్నానని, తప్పు బస్తీది కాదు, తనదని చెప్పాడు. పొగలోంచి మార్తా నవ్వు వినిపించింది. ఆవిడ తలుపు తీసి, తన నిబంధన కాగితాన్ని హెన్రిక్ ముందుకు జరిపింది. చంద్రమ్మ సీసాను కూడా దాని పక్కకే జరిపింది, మూత మాత్రం వదల్లేదు.

హెన్రిక్ పందెం తప్పే మనిషి కాడు. షరతు మీద అడ్డంగా గీత కొట్టి, నిబంధన కింద సంతకం పెట్టి, అప్పుడు సీసా మొత్తం ఒక్క గుక్కలో తాగాడు. కాస్త తేరుకున్నాక కాగితం మళ్ళీ లాక్కుని, సొంత దస్తూరీతో ఒక వాక్యం చేర్చాడు: ప్రజల మాట వింటున్నంతసేపూ బ్యాంకు వారి బల్ల మీద మంచినీళ్ళు ఉండరాదు.

నల్లా మూయవద్దనే ఉత్తర్వు సాయంత్రానికే బస్తీకి చేరింది. తెచ్చింది రవికిరణే. రోజంతా రెండు భాషల్లో అరిచి అతని గొంతు పిడచకట్టుకుపోయింది. వార్త చెప్పి, నేరుగా నల్లా కింద దోసిలి పట్టబోయాడు.

చంద్రమ్మ ఒక ఖాళీ చెంబు అతని చేతిలో పెట్టి రోడ్డు వైపు చూపించింది.

"లైన్ల నిలబడు సారూ. అందరికి దూపైతున్నది."