అత్తాకోడళ్ళ కారు తూకం

ఆ ఇంటి పక్క షెడ్డులోకి చెప్పులతో అడుగుపెట్టడానికి వీల్లేదు. ఉద్యోగకాలమంతా ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేసి రిటైరైన అత్తగారి శాసనమది. లోపలున్నది రోగి కాదమ్మా, పాత హ్యాచ్‌బ్యాక్ కారు అని కొడుకు గుర్తు చేస్తే, "రోగికి నొప్పి పుడితే అరవడానికి నోరుంది, పాపం దీనికి అదీ లేదు" అని ఆవిడ అతని చెప్పుల వైపు చూసేది. అతను చెప్పులు విప్పేవాడు.

కోడలు డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. పగలంతా పక్క సీట్లో కూర్చుని ఒకరి క్లచ్చు, ఇంకొకరి బ్రేకు భరించే ఆ పిల్లకు, ట్రాకు మీద తానే స్టీరింగు పట్టి ఒక్క పోటీ అయినా తన చేతులతో గెలవాలని పెళ్ళికి ముందునుంచీ కోరిక. మొగుడు "చూద్దాంలే" అని నాన్చాడు. అత్తగారు నాన్చలేదు. తన కారు తాళాలు కోడలి చేతిలో పెట్టి, "ఇది నడిపి నేను బజారుకి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. నువ్వైనా దాని ముచ్చట తీర్చు" అంది.

ఇక అత్తాకోడళ్ళు నడుం బిగించారు. డ్రైవరును కాపాడే ఇనుప గొట్టాల పంజరం మాత్రం వెల్డింగ్ షాపులో పెట్టించారు. మిగిలిందంతా ఇంటి పనే. వెనక సీట్లు, తివాచీలు, తలుపుల లోపలి అట్టలు, స్పీకర్లు ఒక్కొక్కటే ఊడివచ్చాయి. ఊడదీసిన ప్రతి బోల్టూ స్టీలు ట్రేలో, తన వరసలో పడుకోవాలి. బిగింపు అయ్యాక పానాలన్నీ లెక్క తేలనిదే ఏ మూతా మూయకూడదు. ఒకసారి ఒక నట్టు కనబడక కొడుకు టార్చిలైటు పట్టుకుని కారు కింద బోర్లా పడుకున్నాడు.

"ఒక్క నట్టు కోసం ఇంత రాద్ధాంతమా అమ్మా?"

"కత్తెర లెక్క తేలలేదని పెద్ద డాక్టరునే కుట్లు వేయనివ్వకుండా నిలబెట్టాను. నువ్వెంత? వెతుకు."

"అత్తయ్యా, దొరికింది. మీ అబ్బాయి చొక్కా మడతలో ఉంది" అని కోడలు పకపకా నవ్వింది.

చప్పుడు వినబడకుండా కంపెనీవాళ్ళు కారు నేలకు అంటించిన తారు పలకలు మహా మొండివి. వాటిమీద డ్రై ఐస్ పరిచి, ఆ చలికి బిర్రబిగిశాక సుత్తితో కొడితే పెంకుల్లా లేచివచ్చేవి. ఆ పని అత్తగారిది. కారు ఎంత తేలికైతే అంత చురుగ్గా పరుగెత్తుతుంది. అయితే దానికీ ఒక హద్దుంది. పోటీ ముగిశాక, డ్రైవరు కూర్చుని ఉండగా, కాటా మీద ఆ తరగతి కార్లకు పెట్టిన కనీస బరువు తూగాలి. తూగకపోతే ఫలితం కొట్టేస్తారు.

సాధన రోజున ట్రాకు కాటా మీద తూచి చూసుకున్నారు. హద్దుకు రెండు కిలోలు పైన నిలిచింది. ఇంతకంటే ఏం కావాలని కోడలు గంతులేసింది. అక్కడే పరిచయమైన టైర్ల షాపు ఆసామి మాత్రం తల అడ్డంగా ఊపాడు. "జాగ్రత్తమ్మా. పోయిన పోటీలో నా కారు అర కిలో తగ్గిందని, వచ్చిన మొదటి స్థానం గీత పెట్టి కొట్టేశారు. బతిమాలినా వినలేదు."

పోటీ ముందురోజు సాయంత్రం అత్తగారు చివరిసారి కారంతా తడిమి చూసింది. స్టెప్నీ గుంతలో, ఊడదీయగా మిగిలిన తారు మందంగా పేరుకుని కనబడింది. ఆవిడ కంటికి అది బరువుగా తోచలేదు. మురికిగా తోచింది. మురికిని చూసి ఊరుకోవడం ఆవిడ చేతులకు తెలియదు. నిగనిగలాడేదాకా గీకి, తుడిచి, ఎవరికీ చెప్పకుండా హాయిగా నిద్రపోయింది.

మర్నాడు కోడలు తోలిన తోలుడుకు కంచె దగ్గర జనం చేష్టలుడిగి నిలబడ్డారు. మలుపుల్లో ఒక్కొక్కరినే వెనక్కి నెట్టి, ఆఖరి చుట్టులో టైర్ల షాపు ఆసామిని లోపలివైపు నుంచి దాటి మొదట వచ్చింది. "అది నా పెళ్ళాం!" అని కొడుకు ముక్కూమొహం తెలియనివాళ్ళను పట్టుకుని చెప్పుకున్నాడు.

కాటా దగ్గర ఆ సంబరం ఆగింది. కిలో తక్కువ.

కోడలు హెల్మెట్ తీసి, నమ్మలేనట్టు అంకెల వైపు చూసింది. అత్తగారికి ఒక్కసారిగా స్టెప్నీ గుంత గుర్తొచ్చింది.

"నా వల్లే. నిన్న అడుగున తారు మిగిలితే గీకేశాను. శుభ్రం చేస్తున్నాననుకున్నాను గాని, బరువు తీసేస్తున్నాననుకోలేదు."

తూచే అధికారి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కిలోకేముందిలెండమ్మా. ఆడవాళ్ళు ఇంట్లో ఇంత కష్టపడి తయారుచేసుకొచ్చారు. సరిపోయిందని రాసేస్తాను."

అత్తగారి వెన్ను నిటారయింది. "పోయినసారి ఈయన్ని అర కిలోకే కొట్టేసింది ఎవరు బాబూ?"

వెనకే నిలబడ్డ టైర్ల షాపు ఆసామి నేల చూపులు చూశాడు.

"ఆయన సంగతి వేరండీ."

"ఏం వేరు? ఆయనకొక కాటా, మాకొక కాటానా?" అని ఆవిడ కోడలివైపు తిరిగింది. "తప్పు నాది. గెలుపు నీది. వదులుకోవాలో వద్దో చెప్పవలసింది నువ్వే. నువ్వేం చెప్పినా నీ మీద కోపం తెచ్చుకోను."

కోడలు గ్లవ్సు వెనకవైపుతో కళ్ళు తుడుచుకుంది. ఎన్నో ఏళ్ళుగా కోరుకున్నది చేతిదాకా వచ్చింది. అధికారి కళ్ళలోకి చూసి, "కొట్టేయండి సార్. జాలిపడి ఇచ్చింది ఇంటికి తీసుకెళ్తే, నేను గెలిచానని నాకే చెప్పుకోలేను" అంది.

అధికారి గీత పెట్టాడు. అత్తగారు ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. డాక్టర్లను, రోగులను, తన కడుపున పుట్టినవాణ్ణి కూడా అంత గర్వంగా తాకిన గుర్తు ఆవిడకు లేదు.

ఆ రోజే జరిగే రెండో పోటీకి ఇంకా వ్యవధి ఉంది. మొదటి పోటీలో ఫలితం పోయినవాళ్ళు అందరికంటే వెనక నుంచి మొదలెట్టాలి. ముందు బరువు పూడ్చాలి. టైర్ల షాపు ఆసామి తన వ్యాను నుంచి ఒక ఇనుప పలక మోసుకొచ్చాడు. "దెబ్బ తిన్నాక ఇది లేకుండా ఎక్కడికీ వెళ్ళడం లేదమ్మా. వాడుకోండి." పక్క సీటు ఉండే చోట నేలకు రంధ్రాలు వేసి, పెద్ద వాషర్లతో బిగించారు. కోడలు పానా తిప్పింది, ఆయన కింద నుంచి నట్టు పట్టాడు, అత్తగారు బోల్టులు లెక్కపెట్టింది.

చిట్టచివర బయలుదేరిన కారు ఈసారి మూడోది వచ్చింది. మొదట వచ్చినవాడు టైర్ల షాపు ఆసామి. కోడలు చెమటతో, నవ్వుతో కారును సరాసరి కాటా ఎక్కించింది. అధికారి అంకెలు చూసి, "సరిపోయిందమ్మా" అని గొణిగాడు.

"ఎంతో చెప్పండి."

చెప్పాడు.

"అలా కాదు బాబూ. ఇందాక కిలో తక్కువైనా రాసేస్తానని మీరు మా చెవిలో చెప్పారు. ఇప్పుడు అందరికీ వినబడేలా చదవండి."

అతను గొంతు సవరించుకుని, మైకు అందుకుని, కారు నంబరూ, డ్రైవరు పేరూ, బరువూ చదివాడు. తన పేరు మైకులో వినబడగానే కోడలు సీట్లోనే కూర్చుని స్టీరింగు మీద చేత్తో టపటపా కొట్టింది. అత్తగారు చేతులు కట్టుకుని, చివరి అంకెదాకా శ్రద్ధగా వింది.